తెలుగు పేరు తెగిపోకుండా: తెలుగు వచనంతో పని చేసే డెవలపర్లకు కొన్ని కోడు ముక్కలు

మామిడి సీజన్లో చిత్తూరు పక్కన ఒక గుజ్జు ఫ్యాక్టరీకి తూకం చీటీలు ముద్రించే ప్రోగ్రాం రాశాను. తోతాపురి లోడుతో ట్రాక్టరు వచ్చి కాటా ఎక్కుతుంది. రైతు పేరు, బరువు, ధర చీటీ మీద పడతాయి. మొదటి రోజే ఒక పెద్దాయన చీటీ పట్టుకుని వెనక్కి వచ్చారు. “నా పేరులో సగం ఎక్కడ పోయింది నాయనా?” అన్నారు. చెంగల్రాయుడు అన్న పేరు ‘చెంగల్’ దగ్గర ఆగిపోయింది. దాని పక్కన నల్ల వజ్రం, అందులో ప్రశ్నార్థకం.

తప్పు నాదే. పేరుకు 20 బైట్ల గడి ఇచ్చాను. యూనికోడ్ ఒక్కో అక్షరానికి, గుర్తుకు ఇచ్చే సంఖ్యను కోడ్ పాయింటు అంటారు. దాన్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ పాయింటుకు 3 బైట్లు పడతాయి. చ, ఎత్వం, సున్నా, గ, ల, పొల్లు: ఈ ఆరింటికి 18 బైట్లు అయిపోయాయి. ఏడోదైన ‘ర’కు రెండే మిగిలాయి. మూడో బైటు లేని ‘ర’ ఏదో తెలియక ప్రోగ్రాం ప్రశ్నార్థకం పెట్టి ఊరుకుంది.

అప్పటి నుంచి ఏ తెలుగు స్ట్రింగ్ మీద చెయ్యి వేసినా ముందు ఒక ప్రశ్న వేసుకుంటాను: ఇక్కడ నేను లెక్కపెడుతున్నది బైట్లనా, కోడ్ పాయింట్లనా, అక్షరాలనా? ‘శ్రీకాళహస్తి’ చదివేవారికి 5 అక్షరాలు, యూనికోడ్‌కు 12 కోడ్ పాయింట్లు, డిస్కుకు 36 బైట్లు. ఈ మూడు లెక్కల్లో మీ భాషలోని ‘లెన్’ (పొడవు చెప్పే ఫంక్షన్) ఏది చెబుతుందో తెలుసుకోవడం మొదటి పని. పైథాన్ 3 కోడ్ పాయింట్లు చెబుతుంది. జావా, జావాస్క్రిప్ట్ చెప్పేది 16 బిట్ల ముక్కల లెక్క. తెలుగు మటుకైతే అదీ కోడ్ పాయింట్ల లెక్కే, ఎమోజీ వస్తే ఒకటి రెండవుతుంది. గో, రస్ట్ భాషల ‘లెన్’, పీహెచ్‌పీ ‘స్టర్‌లెన్’ బైట్లు చెబుతాయి. స్విఫ్ట్ లాంటివి కొన్నే అక్షరాలకు దగ్గరగా వెళతాయి.

కింది ముక్కలను ఏ ఒక్క ప్రోగ్రామింగ్ భాషలోనూ రాయలేదు, తెలుగు మాటల్లోనే పెట్టాను. తిరుపతిలో మా చిన్న ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లల చేత కూడా ముందు ఇలాగే రాయిస్తాను. తర్కం కుదిరాక మీరు వాడే భాషలోకి మార్చుకోవడం పది నిమిషాల పని.

మొదటి మెట్టు: సంఖ్యలు చూడండి

తెలుగు వచనం తేడా చేసినప్పుడు స్క్రీను మీద చూస్తూ కూర్చుంటే ఏమీ తేలదు. రెండు స్ట్రింగ్‌లు కంటికి ఒకేలా ఉండి లోపల వేరుగా ఉండవచ్చు. అందుకే ప్రతి ప్రాజెక్టులోనూ ఇదొకటి ముందే రాసి పెట్టుకుంటాను:

    ఫంక్షన్ సంఖ్యలు(వచనం):
        వచనంలోని ప్రతి కోడ్ పాయింటుకు:
            దాని సంఖ్యను ముద్రించు, ఒక ఖాళీ వదులు

పైథాన్‌లో ఇందుకు ‘ఆర్డ్’, జావాస్క్రిప్ట్‌లో ‘కోడ్‌పాయింట్ఎట్’ ఉన్నాయి. ‘తిరుపతి’ ఇస్తే 3108 3135 3120 3137 3114 3108 3135 రావాలి. యూనికోడ్ పట్టికలు పదహారు ఆధారంగా ఉంటాయి, నేను దశాంశంలో చెబుతున్నాను. తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 గళ్లు కేటాయించారు. అచ్చులు 3077 నుంచి 3092, హల్లులు 3093 నుంచి 3129, గుణింతపు గుర్తులు 3134 నుంచి 3148, పొల్లు 3149, సున్నా 3074, తెలుగు అంకెలు 3174 నుంచి 3183. మధ్యలో కొన్ని గళ్లు ఖాళీ. ఈ సంఖ్యలను ఒక చీటీ మీద రాసి మానిటరుకు అంటించుకోండి, నిజంగానే.

రెండో మెట్టు: గుమ్మంలోనే కడగండి

వచనం మీ ప్రోగ్రాంలోకి వచ్చే ప్రతి చోటా, అంటే ఫారం, ఫైలు, వాట్సాప్ నుంచి అతికించినది, దేనికైనా ఒకే శుద్ధి ఫంక్షన్ ఉండాలి. డేటాబేస్‌లోకి వెళ్లాక కడగడం చాలా కష్టం.

    ఫంక్షన్ శుద్ధి(వచనం):
        వచనాన్ని ఎన్ఎఫ్‌సీ రూపంలోకి మార్చు
        8203, 65279 సంఖ్యలున్నవి తీసెయ్యి
        160 ఉన్నచోట మామూలు ఖాళీ, అంటే 32 పెట్టు
        వరుసగా రెండు 8204లు ఉంటే ఒకటి చెయ్యి
        మొదట్లో, చివర్లో ఉన్న 8204లు, ఖాళీలు తీసెయ్యి
        వచనాన్ని తిరిగి ఇవ్వు

ఎన్ఎఫ్‌సీ అంటే ఒకే అక్షరానికి ఉన్న వేర్వేరు రూపాలను ఒకటిగా మార్చే యూనికోడ్ పద్ధతి. అది ఎందుకంటే, ఐత్వానికి యూనికోడ్‌లో రెండు దారులున్నాయి. 3144 అనే ఒకే గుర్తుగా రావచ్చు, లేదా 3142, 3158 జంటగా రావచ్చు. ‘కైలాసం’ రెండు రకాలుగానూ ఒకేలా కనిపిస్తుంది, పోల్చితే మాత్రం ‘సమానం కాదు’ అని వస్తుంది. ఎన్ఎఫ్‌సీ ఆ జంటను 3144గా కలిపేస్తుంది. తెలుగు గుర్తుల్లో ఇలా విడిపోయేది ఐత్వం ఒక్కటే.

8203 కనిపించని ఖాళీ, వెబ్ పేజీల నుంచి అతికించినప్పుడు వెంట వస్తుంది. 65279 ఫైలు మొదట్లో ఉండే గుర్తు. 8204 సంగతి వేరు. ‘సాఫ్ట్‌వేర్’ అన్నప్పుడు ‘ట్’ పొల్లుగా నిలబడి, ‘వే’ దాని కిందకు ఒత్తుగా దూరకుండా ఆపేది అదే. దాన్ని చెత్త అనుకుని మొత్తం ఊడ్చేస్తే ‘రాజ్‌కుమార్’ ‘రాజ్కుమార్’ అయిపోతాడు. ప్రదర్శించే వచనంలో ఉంచండి, వెతికే వచనంలో తీసెయ్యండి. పైథాన్ ‘స్ట్రిప్’, జావాస్క్రిప్ట్ ‘ట్రిమ్’ దీన్ని తాకవు, కాబట్టి మీరే చూసుకోవాలి.

ఈ 8204 ఎంత దూరం వెళ్లిందో తెలుసు కదా. 2018 ఫిబ్రవరిలో జ, పొల్లు, ఞ, 8204, దీర్ఘం అనే ఐదు కోడ్ పాయింట్ల వరుస ఐఫోన్లలో యాప్‌లను కూల్చేసింది. ఆపిల్ దానికోసమే ఐఓఎస్ 11.2.6 విడుదల చేయాల్సి వచ్చింది. ‘జ్ఞా’ను ఇలా 8204తో రాసిన సందేశం వస్తే చాలు, యాప్ తెరుచుకునేది కాదు.

లెక్కపెట్టడం, కోయడం

    ఫంక్షన్ అక్షరాలు(వచనం):
        లెక్క = 0, ముందుది = 0
        ప్రతి కోడ్ పాయింటు సంఖ్య ‘స’కు:
            స 3077, 3129 మధ్య ఉండి, ముందుది 3149 కాకపోతే:
                లెక్కకు 1 కలుపు
            ముందుది = స
        లెక్క తిరిగి ఇవ్వు

తిరుపతికి 4, చిత్తూరుకు 3, చెంగల్రాయుడుకు 5 రావాలి. ఆధునిక వచనానికి ఇది చాలు. పద్యాలతో పని పడితే 3168లో ఉన్న ౠ లాంటివి చేర్చుకోండి.

కోసేటప్పుడూ ఇదే సూత్రం: లెక్క పెరిగే చోటనే కత్తి పెట్టాలి. గుణింతపు గుర్తుకు ముందు గానీ, పొల్లుకు, ఒత్తుకు మధ్య గానీ కోయకూడదు. ‘శ్రీనివాసులు’ను తొమ్మిది కోడ్ పాయింట్ల దగ్గర కోస్తే ‘శ్రీనివాస’ అవుతుంది. చెడ్డ కోత కనిపిస్తే నయం, ఇది మంచి కోతలా కనిపించి ఇంకొకరి పేరు చీటీ మీద వేస్తుంది. అందుకని కోసిన ప్రతిసారీ చివర మూడు చుక్కలు పెట్టండి.

సొంతంగా రాసుకోవడం ఇష్టం లేకపోతే జావాస్క్రిప్ట్‌లో ‘ఇంటల్ సెగ్మెంటర్’ ఉంది, ఇతర భాషల్లోనూ ఇలాంటి లైబ్రరీలు ఉన్నాయి. అయితే వాటి వయసు చూడండి. ఒత్తుతో కలిసిన అక్షరాన్ని విడగొట్టకూడదన్న నియమం యూనికోడ్ 15.1లో, అంటే 2023లో వచ్చింది. అంతకు ముందువి ‘శ్రీ’ని ‘శ్’, ‘రీ’ అని రెండు ముక్కలు చేస్తాయి.

డేటాబేస్ గడుల గురించి ఒక్క మాట. మైఎస్‌క్యూఎల్ ‘వార్‌చార్’ పక్కన ఇచ్చే సంఖ్య కోడ్ పాయింట్లది, ఒరాకిల్‌లో ప్రత్యేకంగా చెప్పకపోతే బైట్లది. మైఎస్‌క్యూఎల్‌లో పాత ‘యూటీఎఫ్8’ తెలుగుకు సరిపోతుంది, మూడు బైట్లు కదా. కానీ ఎవరో పేరు పక్కన నమస్కారం ఎమోజీ పెట్టగానే నాలుగు బైట్లు అడుగుతుంది. మొదటి నుంచి ‘యూటీఎఫ్8ఎంబీ4’ పెట్టుకుంటే గొడవ ఉండదు.

పేరు సరైనదేనా అని అడిగే ముందు

పేరులో అక్షరాలే ఉండాలని పైథాన్‌లో ‘ఇజ్‌ఆల్ఫా’తో పరీక్షించారనుకోండి. ‘తిరుపతి’ తప్పు అంటుంది! గుడి, కొమ్ము దాని దృష్టిలో అక్షరాలు కావు. రెగెక్స్‌లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ (‘పదంలోని అక్షరం’ అన్న గుర్తు) వాడితే ఇంకా వింత, పైథాన్ ‘తెలుగు’ను త, ల, గ అని మూడు పదాలుగా విరుస్తుంది. జావాస్క్రిప్ట్‌లో అసలు తెలుగే పట్టదు. అందుకని పరిధి మీరే రాయండి: 3072 నుంచి 3199, 8204, ఖాళీ, ఇంటి పేరు పొడి అక్షరాల కోసం చుక్క.

అంకెలది దీనికి తలకిందుల కథ. పైథాన్‌లో బ్యాక్‌స్లాష్ డి (అంకెల గుర్తు) తెలుగు అంకెలనూ ఒప్పుకుంటుంది, ‘ఇంట్’కు ౨౫ ఇస్తే బుద్ధిగా 25 అంటుంది. జావాస్క్రిప్ట్‌లో అదే ౨౫ ‘సంఖ్య కాదు’ అని తిరిగొస్తుంది. సర్వరు ఒప్పుకున్న ఫోన్ నంబరును బ్రౌజరు తిప్పికొడుతుంది. గుమ్మంలోనే మార్చేయండి: సంఖ్య 3174, 3183 మధ్య ఉంటే 3126 తీసెయ్యి. అంతే.

వెతకడం: వెంకటేశ్వర్లు ఎంతమంది?

తిరుపతిలో లాడ్జి సాఫ్ట్‌వేర్ రాసినవారికి ఈ బాధ తెలుస్తుంది. రిజిస్టరులో ప్రతి పేజీకీ ఒక వెంకటేశ్వర్లు ఉంటారు. ఒకరు వెంకటేశ్వర్లు, ఒకరు వేంకటేశ్వర్లు, ఒకరు వెంకటేష్, ఒకరు వెంకటేశ్. అర్ధరాత్రి బస్సు దిగి, పిల్లలను భుజాన వేసుకుని కౌంటరు ముందు నిలబడిన మనిషికి ‘మీ పేరు లేదు’ అని చెప్పడం అన్యాయం. పేరు ఉంది, ఏత్వం దగ్గర తప్పిపోయింది.

దీనికి మందు, పేరు పక్కనే ఇంకో గడిలో దాని ‘తాళంచెవి’ని దాచడం. పేరు ఎలా రాసినా తాళంచెవి ఒకటే రావాలి. ఇక్కడే యూనికోడ్ పట్టిక మనకు పెద్ద ఉపకారం చేసింది. దాదాపు వర్ణమాల వరుసలోనే గళ్లు ఉన్నాయి కాబట్టి ఖ అంటే క కు 1 కలిపినది, ఘ అంటే గ కు 1. ఏత్వం ఎత్వానికి 1, గుడిదీర్ఘం గుడికి 1, కొమ్ముదీర్ఘం కొమ్ముకు 1. ళ కూడా ల కు 1, ఱ కూడా ర కు 1. అంటే చాలా మార్పులకు ‘ఒకటి తీసెయ్యి’ అన్న ఒక్క మాట చాలు.

    ఫంక్షన్ తాళంచెవి(పేరు):
        పేరు = శుద్ధి(పేరు)
        8204, 8205, ఖాళీలు, చుక్కలు తీసెయ్యి
        దీర్ఘం 3134 తీసెయ్యి
        ఒత్తక్షరం అయితే 1 తీసెయ్యి
        దీర్ఘాచ్చు, దీర్ఘపు గుర్తు అయితే 1 తీసెయ్యి
        ళ అయితే ల, ఱ అయితే ర
        శ, ష అయితే స. ణ అయితే న
        ఒకే హల్లు, పొల్లు, అదే హల్లు వస్తే ఒక్క హల్లుగా చెయ్యి
        చివర కొమ్ము గానీ పొల్లు గానీ ఉంటే తీసెయ్యి
        పేరు తిరిగి ఇవ్వు

ఇందులో 8205 అంటే 8204కు జంట లాంటి, కనిపించని గుర్తు. ఒత్తక్షరం అంటే ఖ, ఘ లాంటి మహాప్రాణాలు, కింద చేరే ఒత్తులు కావు. చిత్తూరు, చిత్తూర్, చిత్తురు మూడూ ఒకే తాళంచెవి ఇస్తాయి. వెంకటేశ్, వేంకటేష్ కలుస్తాయి. వెంకటేశ్వర్లు మాత్రం వారితో కలవడు, కలవకూడదు కూడా. అలాంటి చోట తాళంచెవిలో మొదటి ఐదు కోడ్ పాయింట్లు కలిస్తే చాలనుకుని, వచ్చిన వాళ్లందరినీ ఫోన్ నంబరుతో పాటు చూపించండి.

జాగ్రత్త ఒకటి. ఈ తాళంచెవికి రాము, రమ కూడా ఒకే గది తలుపు తెరుస్తారు. అందుకే జాబితాలో మొదట ఉన్నది ఉన్నట్టు కలిసినవి, వాటి కింద తాళంచెవి కలిసినవి చూపిస్తాను. తాళంచెవి కలిసింది కదా అని ఇద్దరి ఖాతాలను ఎప్పుడూ తనంతట తాను కలపనివ్వను. అది మనిషి చూసి నొక్కాల్సిన బటన్.

చిరునామాల్లో ఇంకో తిరకాసు ఉంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరుపడింది. అంతకు ముందు రాసిన రికార్డుల్లో తిరుపతి చిరునామాలన్నీ ‘చిత్తూరు జిల్లా’ అనే ఉంటాయి. జిల్లా పేరుతో వడపోత పెట్టకండి. 517501 అని పిన్ కోడు ఉంటే దానితో పెట్టండి.

అకారాది క్రమం గురించి ఎక్కువ చెప్పను. సంఖ్యల వరుసలో పేర్చితే ‘పళని’ ‘పవన్’కు ముందు వస్తాడు, ఎందుకంటే ళ 3123, వ 3125. బళ్లో నేర్చుకున్న వరుసలో ళ హ తర్వాత. పేర్చేముందు ళ ను 3129 తర్వాతి సంఖ్యగా భావించే చిన్న పట్టిక పెట్టుకుంటే చాలు.

సరిహద్దు దాటి వచ్చిన పేర్లు

చిత్తూరు జిల్లా అటు తమిళనాడును, ఇటు కర్ణాటకను ఆనుకుని ఉంది. పలమనేరు, కుప్పం వైపు పని చేస్తే కన్నడలో పేర్లున్న ఫైళ్లు వస్తాయి. కన్నడ గళ్లు తెలుగు గళ్లకు సరిగ్గా 128 ముందుకు ఉన్నాయి. ముందు ఎన్ఎఫ్‌సీ చేసి, ప్రతి సంఖ్యలోంచి 128 తీసేస్తే తెలుగు వచ్చేస్తుంది. కన్నడలో ‘కోలార’ 3221 3275 3250 3262 3248. తీసేయగానే 3093 3147 3122 3134 3120, అంటే కోలార. మూడు వరుసల కోడుకు ఇంత ఫలితం వచ్చే చోటు నాకు ఇంకొకటి తెలియదు. హిందీకైతే 768 కలపాలి.

తమిళానికి 128 కలపాలి గానీ ఫలితాన్ని నమ్మకండి. తమిళంలో క, గ లకు ఒకటే అక్షరం, కాబట్టి గణేశుడు కణేశుడవుతాడు. తమిళంలోని రెండో ‘న’ తెలుగులో ఖాళీగా ఉన్న 3113 గడిలో పడుతుంది, దాన్ని 3112 చేయాలి. చివరికి మనిషి చూడక తప్పదు.

పాడైన ఫైలు చేతికొస్తే

ముందు ఏ రకంగా పాడైందో చూడండి. అన్నీ ప్రశ్నార్థకాలే ఉంటే ఆశ వదులుకోండి, అసలు వచనం పోయింది, మళ్లీ అడిగి తెచ్చుకోవాలి. డబ్బాలు కనిపిస్తే డేటా భద్రంగా ఉంది, ఫాంటు లేదు. నెత్తిన గీత ఉన్న చిన్న ఇంగ్లీషు ‘ఎ’, దాని పక్కన డిగ్రీ గుర్తో, కూడిక కింద తీసివేత గీత ఉన్న గుర్తో, ఇలా పదే పదే వస్తుంటే సంతోషించండి. అది తెలుగే. తెలుగు బైట్లు ఎప్పుడూ 224తో మొదలై, రెండోది 176 లేదా 177 అవుతుంది. ఆ బైట్లను ఎవరో విండోస్-1252 (పాత ఇంగ్లీషు, ఐరోపా అక్షరాల పట్టిక) అనుకుని చదివారు.

తిరగదోడాలంటే ఆ గుర్తులను మళ్లీ 1252 బైట్లుగా మార్చి, యూటీఎఫ్-8గా చదవాలి. పుస్తకం చెప్పేది అంతవరకే. చేసి చూస్తే మధ్యలో ఆగిపోతుంది. 1252లో 129, 141, 143, 144, 157 గళ్లకు ఏ గుర్తూ లేదు. మన దురదృష్టం కొద్దీ కొమ్ము మూడో బైటు 129, పొల్లు మూడో బైటు 141! తెలుగులో అవి లేని వాక్యం ఎక్కడ దొరుకుతుంది? కాబట్టి ఇలా రాయండి:

    ప్రతి గుర్తుకు:
        1252 పట్టికలో ఉంటే ఆ పట్టిక చెప్పిన బైటు తీసుకో
        లేకుంటే, దాని సంఖ్య 256 కంటే తక్కువైతే ఆ సంఖ్యే బైటు
        అదీ కాకపోతే ఆపి, ఆ వరుసను మనిషికి చూపించు
    బైట్లన్నీ కలిపి యూటీఎఫ్-8గా చదువు

ఫైలు కాకుండా తెర మీద నుంచి నకలు చేసి పంపిన వచనమైతే ఆ రెండు బైట్లూ దారిలోనే రాలిపోయి ఉండవచ్చు. ఫైలే అడగండి.

డీటీపీ సెంటర్ నుంచి వచ్చినవి మరో జాతి. అను ఫాంట్లలో టైపు చేసిన వచనం యూనికోడ్ కాదు, ఇంగ్లీషు అక్షరాల గళ్లలో తెలుగు ఆకారాలు కూర్చున్నాయి. దానికి పై మందు పనిచేయదు, ప్రత్యేకమైన కన్వర్టరు కావాలి, ఒకసారి మనిషి ప్రూఫు చూడాలి.

మీరు పంపే ఫైలు ఇంకొకరి దగ్గర ఇలా పాడవకుండా ఉండాలంటే, ఎక్సెల్‌లో తెరిచే సీఎస్‌వీ మొదట్లో 239, 187, 191 అనే మూడు బైట్లు రాయండి. అవి లేకపోతే ఎక్సెల్ నేరుగా తెరిచినప్పుడు ఇది యూటీఎఫ్-8 అని గుర్తించకపోవచ్చు.

బయటికి పంపేటప్పుడు

ఎస్ఎంఎస్ ఇంగ్లీషులో 160 అక్షరాలు పడితే, తెలుగులో 70 కోడ్ పాయింట్లే. దాటితే ముక్కకు 67 చొప్పున విరుగుతుంది. ‘మీ గది ఖరారైంది.’ అన్న వాక్యం చదవడానికి ఏడు అక్షరాలు, ఖర్చు 16. ఒక్క తెలుగు అక్షరం చేరినా మొత్తం సందేశం 70 లెక్కలోకి వెళ్లిపోతుంది. 71 కాగానే రెండు సందేశాల డబ్బు. కాబట్టి పంపే ముందు కోడ్ పాయింట్లు లెక్కపెట్టి, 70 దాటితే హెచ్చరించే వరుస ఒకటి పెట్టండి.

పీడీఎఫ్‌లో ఒత్తులు కిందకు దిగకుండా పక్కన పొల్లుగా నిలబడితే ఫాంటును తిట్టకండి. అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ లాంటి యంత్రాంగాన్ని ఆ పీడీఎఫ్ లైబ్రరీ వాడటం లేదు. దానితో కుస్తీ పట్టే బదులు పేజీని హెచ్‌టీఎంఎల్‌గా తయారు చేసి, బ్రౌజరు చేతే పీడీఎఫ్ చేయించండి. నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ ఫాంటుగా పెడితే చీటీల మీద చక్కగా చదవగలం.

థర్మల్ ప్రింటర్లలో చాలావాటికి తెలుగు రాదు. వచనాన్ని బొమ్మగా గీసి పంపాలి. 58 మిల్లీమీటర్ల కాగితానికి 384 చుక్కల వెడల్పు, 80 మిల్లీమీటర్లదానికి 576. బొమ్మ గీసేటప్పుడు కింది ఒత్తుల కోసం వరుసకు వరుసకు మధ్య ఇంగ్లీషు కంటే ఎక్కువ చోటు వదలండి, లేకుంటే ‘స్త్రీ’ కింది భాగం తర్వాతి వరుసలో దూరుతుంది. మొత్తం చీటీని బొమ్మ చేస్తే ప్రింటరు నిదానిస్తుంది, కాటా దగ్గర ట్రాక్టర్లు బారులు తీరతాయి. నేనైతే పేరు, ఊరు మాత్రమే బొమ్మగా పంపి, బరువు, ధర అంకెలను ప్రింటరు సొంత ఫాంటుకే వదిలేశాను.